ఆ 22 మెట్లు: అక్కకు కింది అంతస్తు ఇల్లు ఎలా వచ్చిందంటే

నిన్న సాయంత్రం అక్క చేతికి తాళం వచ్చింది. కింది అంతస్తు ఇల్లు. సంతోషంగా ఉంది, కానీ కోపం మాత్రం చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, రెండు కాళ్లూ నిలవవు. బావ పోయిన తర్వాత చేతి మిషను మీద జాకెట్లు కుడుతూ కూతురిని చదివిస్తోంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద మా పట్టణం శివార్లలో కట్టిన ఇళ్లకు దరఖాస్తు పెట్టాం. 80 శాతం వైకల్యమని సదరం ధ్రువపత్రం ముందే ఉంది. మిగతా కాగితాలు వార్డు సచివాలయంలో రెండు రోజుల్లో అయిపోయాయి. అక్కడి అమ్మాయి ఇంటికి వచ్చి మరీ వేలిముద్ర తీసుకుంది. ఆమె చల్లగా ఉండాలి.

లాటరీలో అక్కకు మూడో అంతస్తు వచ్చింది. 300 చదరపు అడుగుల ఇల్లు. లిఫ్టు లేదు.

అంతస్తు మార్చమని అర్జీ పట్టుకుని కేటాయింపులు చూసే కార్యాలయానికి వెళ్లాను. అదీ మేడ మీదే. బల్ల దగ్గర ఉన్నాయన, లబ్ధిదారు స్వయంగా వచ్చి తన ఎదుట సంతకం పెట్టాలన్నాడు. "కింద ఆటోలోనే ఉంది, రెండు నిమిషాలు దిగి రండి సార్" అని బతిమాలాను. "అందరి కోసం దిగుతూ కూర్చుంటే ఇక్కడ పని ఎవరు చేస్తారు?" అన్నాడు. నాలుగుసార్లు తిప్పాడు. ఐదోసారి అక్కను వీపు మీద ఎక్కించుకున్నాను.

22 మెట్లు. మలుపు దగ్గర ఆమె చీర అంచు నా కాలి కింద పడి కుచ్చిళ్లు జారాయి. సర్దుకోవాలంటే నా మెడ వదలాలి, వదిలితే పడిపోతుంది. గోడవారగా వరుసలో నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు. అక్క నా భుజం మీద ముఖం దాచుకుంది. చొక్కా తడిసింది.

పైన కూర్చోబెట్టడానికి కుర్చీ అడిగితే ఆయన నేల చూపించాడు. సంతకం తీసుకుని, "పైకి రాగలిగారు కదమ్మా, అక్కడా ఇలాగే వెళ్లొచ్చు" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు నాకు తట్టలేదు. పదిహేను రోజులకు కాగితం వచ్చింది: దరఖాస్తుదారు మొదటి అంతస్తులోని కార్యాలయానికి హాజరైనందున అంతస్తు మార్పు అవసరం లేదట. రాకపోతే అర్జీ తీసుకోనన్నాడు, వచ్చినందుకు కొట్టేశాడు. 2017 నాటి నిబంధనలు వచ్చాక ఐదేళ్లలో ప్రభుత్వ భవనాలన్నీ దివ్యాంగులు లోపలికి రాగలిగేలా మారాలని చట్టంలో ఉంది. ఆ గడువు దాటి ఏళ్లు గడిచాయి. తప్పు మెట్లది, శిక్ష అక్కకు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అక్క మిషను చక్రం తిప్పుతూనే, "ఒరేయ్, ఇక నన్ను ఎత్తుకోకు. నేను కిందే కూర్చుంటాను, వాళ్లే వస్తారు" అంది.

నేను పదో తరగతి వరకే చదివాను. అయినా రెండో అర్జీ ఎవరినీ అడగకుండా నేనే రాశాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి ఇళ్ల పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో మహిళలకు ప్రాధాన్యం ఉంది. దివ్యాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు వీలైనంత వరకు కింది అంతస్తులు ఇవ్వాలని ఆవాస్ యోజన మార్గదర్శకాలే చెబుతున్నాయి. రెండూ రాసి, ఆ తిరస్కరణ కాగితం నకలు జతచేసి, సోమవారం గ్రీవెన్స్‌కు కలెక్టరేట్‌కు వెళ్లాం. అక్క చెట్టు నీడన చక్రాల కుర్చీలోనే ఉండిపోయింది. కబురు పంపితే ఒక అధికారిణి లోపలి నుంచి లేచి వచ్చారు. కాగితం రెండుసార్లు చదివి, "ఈ అర్జీ ఎవరు రాశారమ్మా?" అని అడిగారు. "మా తమ్ముడండీ" అని అక్క తలెత్తి చెప్పింది. ఏడు వారాలకు, కేటాయింపు రద్దయిన కింది ఇల్లు ఒకటి అక్క పేరిట మారింది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మొదటి దరఖాస్తులోనే కింది అంతస్తు కావాలని రాయండి. మేము రాయలేదు, ఎవరూ చెప్పలేదు. కాదంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి, మమ్మల్ని చివరికి గట్టెక్కించింది ఆ కాగితమే. కార్యాలయం గుమ్మంలో తిరిగే దళారులకు పైసా ఇవ్వకండి. మా దగ్గర పదిహేను వేలు అడిగాడు ఒకడు. అన్నిటికన్నా ముఖ్యం, మీ వాళ్లను ఎత్తుకుని మెట్లెక్కకండి. దిగి రావలసింది కార్యాలయం వాళ్లు.

నిన్న తలుపు తీయగానే అక్క ఒడిలోంచి కొలత టేపు తీసింది. స్నానాల గది గుమ్మం 24 అంగుళాలు, ఆమె కుర్చీ 26. సోమవారానికి మూడో అర్జీ రాస్తున్నాను.