ముందు అద్దం మీద రాయి దెబ్బ: టేపు నుంచి రెసిన్ దాకా

మార్చి 9, ఆదివారం

విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. కోదాడ దాటాక ముందు ఒక టిప్పర్. అంచుదాకా కంకర నింపుకున్నాడు, పైన పట్టా లేదు. దాటేద్దామని దగ్గరికి వెళ్లానో లేదో, అద్దం మీద టప్‌మని చప్పుడు. పక్కన కునుకు తీస్తున్న మా ఆవిడ ఉలిక్కిపడి లేచి "మళ్లీనా?" అంది.

మళ్లీనే. రెండేళ్ల కిందట ఇలాగే శనగగింజంత దెబ్బ తగిలితే "ఇంతేగా" అని వదిలేశాను. ఆ తర్వాత కారు ఎన్నిసార్లు కడిగించానో లెక్కలేదు. మే నెలలో ఒక మధ్యాహ్నం, ఎండలో మాడుతున్న కారెక్కి ఏసీ ఫుల్లుగా పెట్టి, గాలి అద్దం మీదకి తిప్పాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగానే, నా కళ్ల ముందే, గీత జానెడు పాకింది. ఇల్లు చేరేసరికి ఈ చివర నుంచి ఆ చివరకి. బయటి వైపు కాలుతూ లోపలి వైపు చల్లబడితే గాజులో లాగుడు పుడుతుంది. అప్పటికే ఒక పగులు కొన ఉంటే ఆ లాగుడంతా అక్కడికే చేరుతుంది.

అద్దం మార్పించడానికి ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాగా వెళ్లాను. పాతబడిందని గాజుకి తరుగుదల కోయరు, నిజమే. 1500 సీసీ లోపు బండి కాబట్టి నేను తప్పనిసరిగా పెట్టుకోవాల్సింది 1000 రూపాయలే. కానీ క్లెయిమ్ చేసినందుకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అయింది. ఆ బోనస్ పోకుండా విడిగా కవర్ తీసుకోవచ్చని నాకు తెలిసింది ఆ తర్వాతే. పైగా ఫాస్టాగ్ పాత అద్దంతోపాటే పోయింది, కొత్తది తీసుకోవాల్సి వచ్చింది.

అందుకే ఈసారి పది నిమిషాల్లో ఒక ధాబా దగ్గర ఆపాను. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, దెబ్బ మీద సెల్లోటేపు అంటించాను. కడగలేదు, తడిగుడ్డ తగలనివ్వలేదు. రెసిన్, అంటే పగులు నింపే జిగురు ద్రవం, పట్టాల్సిన సందులోకి నీళ్లో మట్టో ముందే దూరితే ఆ తర్వాత ఎంత మంచి కిట్టయినా చేసేదేమీ లేదు.

ఇంటికొచ్చి స్కేలుతో కొలిచాను. మధ్యలో 6 మి.మీ. గుండ్రని మచ్చ, దాన్నుంచి రెండు కాళ్లు, అంటే సన్నని పగుళ్లు: ఒకటి 11, ఇంకోటి 7 మి.మీ. డ్రైవర్ చూపుకి అడ్డం కాదు, అంచుకి జానెడు పైనే దూరం, మొత్తం రూపాయి బిళ్ల కింద దాగిపోతుంది. లోపలి వైపు గోటితో గీకి చూస్తే నున్నగానే ఉంది. అంటే దెబ్బ బయటి పొర వరకే. ఇంట్లో చేసుకోదగ్గ కేసే.

మార్చి 12

రెసిన్ నింపే కిట్ ఆర్డర్ పెట్టాను, 700 రూపాయల లోపే. అది వచ్చేలోపు పాత సామాన్ల కొట్లో పగిలిన ముందు అద్దం ముక్క ఒకటి తెచ్చుకున్నాను. మా ఆవిడ దాని వైపూ నా వైపూ చూసి ఏమీ అనలేదు.

ముక్క అంచు చూస్తే సంగతి అర్థమవుతుంది. రెండు గాజు పలకలు, మధ్యలో మిల్లీమీటరు కూడా లేని పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. పక్క అద్దాలైతే పగిలి పటికబెల్లం ముక్కల్లా రాలిపోతాయి, ఇది పగిలినా ఆ పొరకే అంటుకుని ఉంటుంది. 1903లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్డ్ బెనెడిక్టస్ చేతిలోంచి ఒక గాజు కుప్పె జారిపడింది. పగిలింది గానీ చెదరలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం ముక్కల్ని పట్టి ఉంచిందట. ఈ అద్దానికి మూలం అక్కడుంది.

మార్చి 15

కిట్ వచ్చింది. ముక్క మీద మేకు, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి ప్రాక్టీసు. మొదటిది బాల్కనీ ఎండలో చేసి పాడుచేశాను. ఈ రెసిన్ గట్టిపడేది యూవీ కాంతికి, ఎండలో ఉండేదీ అదే. సందులోకి దిగకముందే పైన బిగుసుకుపోయింది. రెండోదానికి నీడలో కూర్చున్నాను గానీ రెసిన్ ఎక్కించే సిరంజి తొందరపడి తీసేశాను, బుడగ మిగిలింది. మూడు, నాలుగు పర్వాలేదు.

మార్చి 16, ఆదివారం

ఉదయం ఏడింటికి, అపార్ట్‌మెంట్ సెల్లార్లో. ఎండ రాదు, అద్దం చల్లగా ఉంది.

టేపు తీసి, గుండుసూదితో వదులుగా ఉన్న గాజు నలుసులు ఏరాను. తేమ ఉంటుందేమోనని లోపలి వైపు నుంచి హెయిర్ డ్రైయర్ రెండు నిమిషాలు, గోరువెచ్చగా, దూరం నుంచి. తర్వాత పది నిమిషాలు చల్లారనిచ్చాను. నాలుగు రబ్బరు కప్పుల స్టాండు, దాని మధ్య గొట్టం సరిగ్గా దెబ్బ మీద కూర్చునేలా. మూడు చుక్కల రెసిన్.

ఇక సిరంజి పని. ముందు పిడి పైకి లాగి పట్టుకోవాలి, సందులోని గాలి బుడగలై బయటికొస్తుంది. తర్వాత కిందికి నొక్కి పట్టుకోవాలి, రెసిన్ దిగుతుంది. ఒక్కోటీ పది నిమిషాలు. నేను మూడు విడతలు చేశాను. గుండ్రని మచ్చ రెండో విడతకే మాయం. రెసిన్ కాంతిని వంచే తీరు గాజుకి దగ్గరగా ఉంటుంది, అందుకే నిండిన చోట పగులు కంటికి ఆనదు. పొడుగు కాలు మాత్రం మొరాయించింది. లోపలి నుంచి బొటనవేలితో మెల్లగా, నిజంగా మెల్లగా, నొక్కి వదులుతుంటే కొంచెం కొంచెం నిండింది. కొన దగ్గర 2 మి.మీ. మిగిలిపోయింది. దానికోసం ఇంకా గట్టిగా నొక్కే ధైర్యం లేకపోయింది.

పైన ఒక చుక్క వేసి, కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ ముక్క కప్పి, కారు ఎండలోకి తెచ్చాను. పావుగంట. పైకి లేచిన రెసిన్‌ని కొత్త బ్లేడు నిలువుగా పట్టి గీకేశాను. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ నింపడం కుదరదు కాబట్టి ఆ 2 మి.మీ. ఇక అంతే. దాని కొన దగ్గర లోపలి వైపు మార్కర్‌తో చుక్క పెట్టాను, పాకితే తెలియాలని.

మార్చి 17

వాచ్‌మన్‌తో చెప్పాను: "అన్నా, ఎండలో నిలబెట్టిన కారు మీద చల్లనీళ్లు కొట్టకు." ఏసీ కూడా ముందు కాళ్ల వైపే, అద్దాలు దించి వేడి పోయాకే పెంచడం.

ఏప్రిల్ 20

పగులు చుక్క దగ్గరే ఉంది.

సెరామిక్ కోటింగ్ వేయిస్తే రాళ్లు ఆగుతాయని ఒక షాపులో చెప్పారు. ఆ పూత మందం మైక్రాన్లలో ఉంటుంది, వాన నీళ్లు జారడానికి బాగుంటుంది తప్ప కంకర ముందు ఏం నిలుస్తుంది? రాళ్ల కోసమే చేసిన పారదర్శక ఫిల్మ్ కూడా ఉంది. అది కొంత ఆపుతుంది గానీ వైపర్ గీతలు దాని మీదే పడతాయి, రాత్రి ఎదురు లైట్లకి ఆ గీతలన్నీ మెరుస్తాయి. కారు అద్దాలకి నల్ల ఫిల్మ్ వద్దన్న 2012 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అద్దం మీద ఫిల్మ్ అనగానే ఆపుతున్నారు. ముందు అద్దం 70 శాతం కాంతి వదలాలన్న నిబంధన గురించి నడిరోడ్డు మీద వాదించే ఓపిక నాకు లేదు. ఆ డబ్బుతో కొత్త వైపర్ రబ్బర్లు వేయించి, మిగిలింది దాచాను.

అసలు ఖర్చులేని పని దూరం. టైరు కింద ఎగిరిన రాయి మన మీదకి రావడం కన్నా మనమే వేగంగా వెళ్లి దాన్ని గుద్దుకోవడం ఎక్కువ. 80 నుంచి 100కి వెళ్తే దెబ్బ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పట్టా లేని టిప్పర్ కనిపిస్తే ఇప్పుడు వంద మీటర్లు వదులుతున్నాను, అంటే 80 మీద నాలుగైదు సెకన్లు. మధ్యలో ఎవరో ఒకరు దూరతారు. దూరనీ, కంకర వాళ్ల అద్దానికి!

మే 18

ఎండలు మండిపోతున్నాయి. వారానికోసారి చుక్క చూస్తున్నాను. కదల్లేదు. కొన దగ్గర చిన్న వెండి గీత, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితేనే కనిపిస్తుంది.

జూన్ 8

చౌటుప్పల్ దగ్గర ఇంకోటి. ఈసారి టిప్పర్ కాదు, మమ్మల్ని దాటి దూసుకుపోయిన కారు. ఆవగింజంత గుంట, కాళ్లు లేవు. నేను పక్కకి తీసి ఆపేలోపే మా ఆవిడ డ్యాష్‌బోర్డులోంచి టేపు తీసి పళ్లతో తుంచి పెట్టుకుంది. సీసాలో రెసిన్ ఇంకో రెండు మూడు చుక్కలే ఉంది.