తెలుగు అర్జీ తీసుకోరా?

ఒడిశాలో రాయగడ, గుణుపూర్ వైపు మన తెలుగు పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు, అందుకే పింఛను ఆగినా, రేషన్ కార్డులో పేరు పోయినా ఆఫీసు బయట అర్జీలు రాసేవాళ్లకి డబ్బులిచ్చి రాయించుకుంటారు. ఎవరూ తిట్టరు కాబట్టి ఇది వివక్షలా కనిపించదు! కానీ రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని మాత్రం అందులో లేదు, అదొక్కటే చిక్కు.

నన్నడిగితే తెలుగులోనే ఇచ్చి, కింద రెండు ముక్కలు ఒడియాలో రాయించి, రసీదు అడగండి. 2012 నాటి ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన (అంటే అధికారికంగా ప్రకటించిన) సేవలకు గడువుంటుంది, ఆ గడువు లెక్కకి రసీదే ఆధారం. రసీదు ఇవ్వనంటే అర్జీని స్పీడ్ పోస్టులో పంపేయండి.