గోడ స్విచ్చూ, మా ఇంటి ఫోటో ప్రింటరూ: నా అనుభవం

మా ప్రింటర్ నిన్న సాయంత్రం, రెండు నెలల తరువాత, ఒక్క గీత కూడా లేని ఫోటో ఇచ్చింది. పడిన పాట్లు మరిచిపోకముందే రాసి పెడదామని కూర్చున్నాను. ఇంట్లో ఫోటోల కోసమే ఒక ప్రింటర్ పెట్టుకోవాలనుకునే వారికి ఇది పనికి రావచ్చు. వద్దనుకోవడానికి కూడా పనికి రావచ్చు.

అసలు ఈ ఖర్చుకు కారణం హన్మకొండలోని ఒక ఫోటో ల్యాబు. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర మా అమ్మను ఒక ఫోటో తీశాను. ముందు తంగేడు పూల పసుపు, రంగు అద్దిన గునుగు పూల గులాబీ, వాటి వెనుక పొద్దు వాలే వేళ వెలుగు ఒక చెంప మీద మాత్రమే పడిన అమ్మ ముఖం. ముప్పై ఏళ్లుగా కెమెరా పట్టుకుంటున్నాను, అటువంటి ఫోటోలు నాకు పది కూడా దక్కలేదు, కనుక దాన్ని గురించి గొప్పగా చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. పెద్దది చేయించి ఫ్రేము కట్టిద్దామని ల్యాబులో ఇస్తే, తిరిగి వచ్చిన కాగితం మీద ఉన్నది మా అమ్మ కాదు. ముడతలు పోయాయి, నుదుటి మీది పచ్చబొట్టు మసకబారింది, 74 ఏళ్ల ఎండకూ పొయ్యి సెగకూ నిగ్గుదేలిన చామనఛాయ సున్నం వేసిన గోడలా తెల్లబడింది. అడిగితే, కౌంటరు దగ్గరి అబ్బాయి "ముఖం క్లియర్ చేసినం సార్, అందరికీ గట్లనే చేస్తం, దానికి పైసలు తీస్కోం" అన్నాడు. పెళ్లి ఆల్బముల నుంచి శ్రద్ధాంజలి ఫ్లెక్సీల దాకా మనకు ఇదే వరస. చనిపోయిన మనిషిని కూడా తన రంగులో ఉండనివ్వము. అక్కడ ఇంకేమీ మాట్లాడలేదు, ఇంటికి వచ్చి ప్రింటర్ల ధరలు చూడటం మొదలుపెట్టాను.

ఎంచుకోవడం, కొనడం వారంలో ముగిశాయి. మామూలు నాలుగు రంగులతో పాటు లేత నీలం, లేత గులాబీ కూడా ఉన్న, ఏ4 సైజు వరకు అచ్చువేసే సీసాలతో ట్యాంకుల్లో ఇంకు పోసుకునే ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్ తీసుకున్నాను. లేత ఇంకులు ఉంటే చెంపల మీద, ఆకాశంలో చుక్కలు కనపడకుండా ఛాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇందులో పోసేవి డై ఇంకులు, అంటే రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉండేవి. కరగని సన్నని రంగు రేణువులుండే పిగ్మెంటు ఇంకుల ఫోటోలు సాధారణంగా వెలిసిపోకుండా ఎక్కువ కాలం నిలుస్తాయి కానీ, ఆ ప్రింటర్ల ధరలు నా జీతానికి అందేవి కావు. సీసాలు పోయడం, వైఫైకి కలపడం ఒక గంట పని. ఫిబ్రవరి, మార్చి నెలలు హాయిగా గడిచాయి.

ఏప్రిల్ రెండో వారంలో, వరంగల్ ఎండలు ముదిరిన తరువాత, ఫోటోల మీద అడ్డంగా సన్నని తెల్ల గీతలు మొదలయ్యాయి. ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లు, అన్నీ పని చేస్తున్నాయో లేదో చూపే గళ్ల ప్రింటు, నాజిల్ చెక్, తీస్తే లేత గులాబీ వరుసలో సగం గళ్లు లేవు. ఆ నాజిళ్లుండే హెడ్డును ప్రింటరే శుభ్రం చేసుకునే హెడ్ క్లీనింగ్ చేశాను. గీతలు తగ్గాయి, మూడు రోజులకు మళ్లీ వచ్చాయి, మళ్లీ క్లీనింగ్ చేశాను. ఒకే పూటలో వరుసగా ఆరుసార్లు చేసిన రోజు కూడా ఉంది. అది ఎంత తెలివితక్కువ పనో తరువాత తెలిసింది. క్లీనింగ్ అంటే నాజిళ్ల గుండా ఇంకును బలంగా లాగి పారబోయడమే. ఆ పోయిన ఇంకు యంత్రం అడుగున ఉన్న స్పాంజి ప్యాడుకు చేరుతుంది, అది నిండిందని లెక్క తేలితే ప్రింటర్ పని చేయడమే మానేస్తుంది. రెండుసార్లు చేసి ఫలితం లేకపోతే ఒక రాత్రి ఆగి మళ్లీ చూడాలి తప్ప పంతానికి పోకూడదు.

చివరకు సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే ఇంటికి మనిషి రావడానికి పది రోజులు పడుతుందని, తెచ్చి ఇస్తే వెంటనే చూస్తామని చెప్పారు. నేను హంటర్ రోడ్డులో ఆటో ఎక్కి, కాళ్ల దగ్గర చోటు చాలక, ప్రింటరును ఒక పక్కకు వాల్చి ఒడిలో పెట్టుకున్నాను. ట్యాంకు ప్రింటరును సమంగా తప్ప మోయకూడదని, కొన్ని మోడళ్లలో దారిలో ఇంకు కదలకుండా ఒక లాక్ కూడా ఉంటుందని ఆటో దిగిన తరువాతే నాకు తెలిసింది. అప్పటికి నా తెల్ల చొక్కా ముందు భాగమంతా గులాబీ రంగు పాకింది. కాలేజీలో 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషిని, హోలీ ఆడి వచ్చిన పిల్లవాడిలా ఆ కౌంటరు ముందు నిలబడ్డాను.

కౌంటరులోని యువకుడు మూత తెరిచి చూడకుండానే "బయటి ఇంకు పోసినరు" అని తేల్చేశాడు. నేను పోసింది కంపెనీ ఇంకే, బిల్లులు జేబులోనే ఉన్నాయి. చూపించాను. బిల్లులు అందరి దగ్గరా ఉంటాయని, సీసాలో ఏముందో ఎవరికి తెలుసునని, వెనుక వరుసలో ఉన్న నలుగురికీ వినిపించేలా అన్నాడు. వాళ్లలో ఒకాయన నా చొక్కా వైపు చూసి నవ్వాడు. హెడ్ మార్చాలని, దానికి వారంటీ వర్తించకపోవచ్చని చెబుతూ, దాదాపు కొత్త ప్రింటరులో సగం ధరకు కాగితం రాసి ఇచ్చాడు. అటువంటి కాగితం మీద అక్కడికక్కడే ఎవరూ సంతకం పెట్టవద్దు. ముందు నాజిల్ చెక్ తీయించి, ఆ ప్రింటును మీ దగ్గర ఉంచుకోండి.

నేను గొంతు పెంచడం విని లోపలి గది నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. ప్రింటరును బల్ల మీద సమంగా పెట్టి, పైమూత తెరిచి, టార్చి వేసి చూసి, నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, దీన్ని యాడ బంద్ చేస్తరు?"

"గోడ స్విచ్చు దగ్గర," అన్నాను, కొంత గర్వంగానే. మా ఇంట్లో అది నా నియమం. పిడుగుల భయం, వోల్టేజీ హెచ్చుతగ్గుల భయం, కరెంటు వృథా అవుతుందన్న బాధ, అన్నింటికీ కలిపి పని కాగానే బోర్డు స్విచ్చు ఆపేయమని అందరికీ చెప్పి అలవాటు చేసింది నేనే. ఫోటో బయటికి రావడం, నా చెయ్యి స్విచ్చు మీద పడటం ఒకేసారి జరిగేవి.

అతడు నవ్వలేదు. హెడ్డును వేలితో చూపించాడు. అచ్చు వేయడం అయిన తరువాత అది కుడి మూలకు వెళ్లి ఒక రబ్బరు మూత మీద కూర్చోవాలి, అప్పుడే నాజిళ్లకు గాలి తగలదు. ప్రింటరు మీద ఉన్న బటన్ నొక్కి ఆపితే హెడ్ ముందు ఆ పని చూసుకుని తరువాత ఆగుతుంది. గోడ దగ్గర ఆపితే ఉన్నచోటే, నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. "పెన్నుకు క్యాప్ పెట్టకపోతే గింతే గద సార్," అన్నాడు.

నేను చెప్పేది భౌతికశాస్త్రం. కేశనాళికలు, తలతన్యత, బాష్పీభవనం ఏటా బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెబుతాను. వెంట్రుక కంటే సన్నని రంధ్రాల వరుసను తెరిచి, వేసవిలో, ఫ్యాను కింద రాత్రంతా వదిలేస్తే ఏమవుతుందో పరీక్షలో అడిగితే ఇంటర్ పిల్లలు కూడా రాస్తారు. అతడు నా పాత విద్యార్థి కాకపోవడం ఒక్కటే ఆనాటి అదృష్టం. పేరు అడిగితే చెబుతాడేమోనని అడగలేదు కూడా.

అతడు ఆ రబ్బరు మూత చుట్టూ పేరుకున్న ఇంకును తడిబట్టతో తుడిచి, ఒక క్లీనింగ్ చేసి, రాత్రంతా హెడ్డును మూత మీదే ఉంచి, మరునాడు మరొక క్లీనింగ్ చేశాడు. గళ్లన్నీ వచ్చాయి. హెడ్ మార్చవలసిన అవసరమే లేదు. కౌంటరులోని మనిషి ఆ రోజు నా వైపు చూడలేదు, క్షమాపణ మాట అటుంచి. ఇప్పుడు ఆ స్విచ్చు మీద ఎర్ర టేపు అతికించి ఉంది, వారానికి ఒకసారి అవసరం ఉన్నా లేకున్నా ఒక రంగుల ఫోటో అచ్చు వేయాలని నియమం పెట్టుకున్నాను.

రంగుల సంగతి దీని ముందు చిన్నదే. రామప్ప గుడి చూరు కింద ఉండే మదనికలనే స్త్రీ శిల్పాల ఫోటో ఒకటి అచ్చు వేస్తే, నల్లరాతి మీది నునుపూ నగల చెక్కడమూ పోయి ఒక నల్లటి ఆకారం మిగిలింది. తప్పు ప్రింటరుది కాదు, నేను ల్యాప్‌టాప్ వెలుగును చివరిదాకా పెంచి ఫోటోను సరిదిద్దుతున్నాను. తెర తానే వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేదాకా తెర వెలుగు తగ్గించిన తరువాత మదనిక మెడలోని హారం తేలింది. తంగేడు పసుపు నారింజకు తిరగడానికి కారణం మరొకటి. ఫోటో సాఫ్ట్‌వేర్ ఒకసారి, కంప్యూటరులో ప్రింటరును నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, ఇంకొకసారి రంగులను సరిదిద్దుతున్నాయి. సాఫ్ట్‌వేరులో మనం వాడే కాగితం ప్రొఫైల్, అంటే ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు, ఎంచుకుని, డ్రైవరులో రంగుల సవరణను ఆపేయాలి. మెరిసే గ్లాసీ కాగితం పెట్టి, డ్రైవరులో మామూలు కాగితం అని వదిలేసినా రంగులు చెడుతాయి.

డబ్బు మిగులుతుందని మాత్రం ఎవరూ కొనవద్దు. మంచి కాగితం, పాడైన ప్రింట్లు, క్లీనింగులో పోయిన ఇంకు కలిపితే ల్యాబే చవక. పైగా ప్రింటరు ఉందని తెలిస్తే బంధువులు వాట్సాప్‌లో ఫోటోలు పంపి ఏ4 సైజులో తీసి పెట్టమంటారు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4 నిండటానికి 3508 × 2480 పిక్సెళ్లు కావాలి, వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది. కుదించకుండా డాక్యుమెంటుగా పంపమని చెప్పి చెప్పి మా బావమరిదితో మాటలు తగ్గాయి.

నిన్న అచ్చు వేసినది బతుకమ్మ ఫోటోనే. రాత్రంతా ఆరనిచ్చి ఈ ఉదయం అమ్మ చేతికి ఇచ్చాను. ముడతలు, పచ్చబొట్టు, చెంప మీది వెలుగు, అన్నీ ఉన్నాయి. కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉంది బిడ్డా," అంది. "గని గా ల్యాబుల చేయించిన దాంట్ల జర తెల్లగున్న. అది యాడ పెట్టినవ్?"

ఫ్రేములు రెండు చెప్పి వచ్చాను.