మూడో దశాంశం పట్టుకుని గని దాకా
యురేనియం ఎక్కడ తవ్వినా అందులో అణు ఇంధనంగా పనికొచ్చే 235 ఐసోటోప్ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం) వాటా దాదాపు ఒకటే, 0.720 శాతం. 1972లో ఫ్రాన్స్‌లోని పియెర్లాట్ అణు ఇంధన ప్లాంటులో మామూలుగా చేసే కొలతలో అది 0.717 వచ్చింది. నేనైతే మెషిన్ తప్పనుకుని వదిలేసేవాణ్ణి! కానీ అణు సరుకు లెక్క తేలకపోతే ఎవరైనా కాజేశారేమోనని టెన్షనే కదా. అందుకే సరుకు వచ్చిన దారినే వెనక్కి, దశ దశకీ శాంపిళ్లు కొలుచుకుంటూ పోతే చివరికి ఆఫ్రికాలో, గాబోన్ దేశపు ఓక్లో గని దగ్గర తేలింది. దొంగలెవరూ లేరు. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట, 235 వాటా 3 శాతం దాకా ఉన్న రోజుల్లో, నేలలోకి ఇంకిన నీటి సాయంతో ఆ ఖనిజమే అణు రియాక్టర్‌లా నడిచి, అందులోని 235 కొంత ఖర్చయిపోయింది. అక్కడి నియోడిమియం (యురేనియం చీలినప్పుడు పుట్టే లోహాల్లో ఒకటి) ఐసోటోపులూ అదే సాక్ష్యం చెప్పాయి.