పర్ఫ్ట్ లెక్కలో తప్పిపోయిన 258 ఎత్తులు

కర్నూలులో మా జేజినాయన నాకు నేర్పిన చదరంగంలో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదిలేది. అందుకే ఎన్ పాసాంట్ నాకు చేతికి అలవాటైన ఎత్తు కాదు. ఎదుటి బంటు రెండు గళ్లు దూకి మన బంటు పక్కన ఆగితే, అది ఒక్క గడే కదిలిందనుకొని దాన్ని చంపొచ్చు. అదీ వెంటనే వచ్చే ఎత్తులోనే.

సొంతంగా చెస్ ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రామ్) రాస్తూ దీన్ని చివరికి వాయిదా వేశాను. ఎత్తులు సరిచూడటానికి పర్ఫ్ట్ అనే పరీక్ష ఉంది. ఆట మొదటి నుంచి గానీ, ఇచ్చిన ఏదో స్థితి నుంచి గానీ, ఇద్దరివీ కలిపి సరిగ్గా ఇన్ని ఎత్తులు వేయడానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెడుతుంది. నాలుగు ఎత్తులకు 1,97,281 సరిగ్గా వచ్చింది. ఐదుకు 48,65,609 రావాలి, నాకు 48,65,351 వచ్చింది. ఎన్ పాసాంట్ కుదిరేది ఐదో ఎత్తు నుంచే. ఆ 258 అవే.

రాశాను, కానీ ఇంజిన్ నెమ్మదించింది. ప్రతి ఎత్తుకూ ఇది క్యాస్లింగా (రాజూ ఏనుగూ ఒకేసారి కదలడం), ప్రమోషనా (చివరి వరుస చేరిన బంటు వేరే పావుగా మారడం), ఎన్ పాసాంటా అని అడుగుతున్నాను మరి. దాంతో ఎత్తును 16 బిట్లలో పెట్టాను: బయలుదేరే గడికి 6, చేరే గడికి 6, రకానికి 4. రకం సున్నా, అంటే మామూలు ఎత్తు అయితే ఇంకేమీ అడగకుండా ముందుకు పోతుంది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. ఒక ప్రసిద్ధ పరీక్ష స్థితిలో రెండు ఎత్తులకు 191 రావాలి, నాకు 193. రెండు రాత్రులు పోయాయి. చివరికి జేజినాయన చెక్కపావులు పేర్చాను. తెల్ల ఏనుగు బి4లో, నల్ల బంటు ఎఫ్4లో, నల్ల రాజు హెచ్4లో. తెల్ల బంటు ఇ2 నుంచి ఇ4కు దూకింది. దాన్ని నల్ల బంటుతో చంపుతూ రెండు బంట్లనూ వరుసలోంచి ఎత్తేసరికి ఏనుగు నేరుగా రాజును చూస్తోంది! జీ2 బంటు జీ4కు దూకినా అంతే. ఏనుగుకూ రాజుకూ మధ్య ఒకే పావు ఉంటేనే అది కదలకూడదని నా కోడ్ అనుకునేది. ఒకే ఎత్తులో ఇద్దరు లేచిపోతారని దానికి తెలియదు.

ఎన్ పాసాంట్‌కు మాత్రం ఎత్తు నిజంగా వేసి, రాజుకు షా (చెక్) పడిందేమో చూసి, వెనక్కి తీసేలా మార్చాను. ఇది నెమ్మదైన పద్ధతే, కానీ 48 లక్షల్లో 258 సార్లకు ఆ ఖర్చు కనిపించనే లేదు.

మళ్లీ నడిపాను. 191. ఆ వెంటనే ఐదు ఎత్తులకు 48,65,609.