పని చేసే కుక్కల పాత పోస్టుకార్డులు: సేకరణ ఇంతవరకు

కుక్క బొమ్మ ఉన్న ప్రతి పాత కాగితాన్నీ దాచుకోవడం మాని, ఏదో ఒక పని చేస్తున్న కుక్కలకే నా సేకరణను పరిమితం చేయాలని ఈ ఏడాది నిర్ణయించుకున్నాను. స్టూడియోలో దిండు మీద కూర్చోబెట్టి తీసిన కుక్కపిల్లల కార్డులు ముద్దుగానే ఉంటాయి గాని, బండి లాగే కుక్క తన ఊరి గురించి, అక్కడి బతుకుతెరువు గురించి చెప్పే సంగతులు వాటిలో కనిపించవు.

ఆల్బంలో ఎక్కువ పుటలు బెల్జియం పాలబళ్లవే. ఇత్తడి పాల క్యాన్లు పేర్చిన చిన్న బండి, దానికి కట్టిన ఒకటో రెండో బలమైన కుక్కలు, పక్కన పాలమ్మే స్త్రీ: ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో బ్రస్సెల్స్‌లోని నెల్స్ వంటి ప్రచురణకర్తలు ఈ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేశారు. కాబట్టి ఇవి అరుదైనవి కావు; కొత్తగా మొదలుపెట్టేవారికి నేను వీటినే సూచిస్తాను. లండన్‌లో 1839లోనూ, ఇంగ్లాండు అంతటా 1850ల మధ్యలోనూ కుక్కల బళ్లను నిషేధించారు గనుక, అక్కడి నుంచి వెళ్లిన యాత్రికులకు ఈ దృశ్యం వింతగా తోచి ఉండాలి. 1914లో బెల్జియం సైన్యం మరతుపాకులను కూడా కుక్కల చేతనే లాగించింది. ఆ చిత్రాలున్న కార్డుల కోసం ఇంకా వెతుకుతున్నాను.

కార్డు కాలాన్ని నిర్ణయించడానికి బొమ్మ కంటే వెనుక వైపే ఎక్కువ ఉపకరిస్తుంది. చిరునామాకూ సందేశానికీ మధ్య గీత గీసే పద్ధతిని బ్రిటన్ 1902లో, జర్మనీ 1905లో, అమెరికా 1907లో అనుమతించాయి. అంతకు ముందటి కార్డులలో ఉత్తరం రాసేవారు బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలోనే సర్దుకోవలసి వచ్చేది. బెల్జియం స్టాంపు కింద, ఆదివారం బట్వాడా చేయవద్దని ఫ్రెంచి, డచ్చి భాషలలో ముద్రించిన చిన్న చీటీ అతుక్కొని ఉంటే, ఆ స్టాంపు 1893కూ మొదటి ప్రపంచ యుద్ధానికీ మధ్య కాలానిదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఇంత చిన్న చీటీ ఇంత సాక్ష్యం చెప్పడం నాకు ఎప్పటికీ సంతోషమే.

అసలు ఫోటో కార్డును గుర్తించడానికి పది రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు: అచ్చు బొమ్మలో వరుస చుక్కలు కనిపిస్తాయి, ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఛాయ తెగకుండా సాగుతుంది. అతినీలలోహిత టార్చి కింద కాగితం నీలితెలుపుగా మెరిస్తే కొనను, ఎందుకంటే ఆ మెరుపునిచ్చే రసాయనాలు కాగితంలోకి వచ్చింది సుమారు 1950ల నుంచే.

ఇంగ్లాండు రైల్వేస్టేషన్లలో వీపుకు డబ్బా కట్టుకొని అనాథాశ్రమాలకు చందాలు పోగుచేసిన కుక్కల కార్డులు నాకు అన్నిటికన్నా ప్రియమైనవి. వాటర్లూ స్టేషనులో లండన్ జాక్ అనే పేరుతో ఒకదాని తరువాత ఒకటిగా పలు కుక్కలు పనిచేశాయి కనుక, కార్డు మీది కుక్క వాటిలో ఏదో తేల్చడానికి తపాలా ముద్రలోని తేదీని చూడక తప్పదు.

మన దగ్గర సులువుగా దొరికేది నిప్పర్ బొమ్మ, అంటే హెచ్ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్) రికార్డుల మీద గ్రామఫోను ముందు కూర్చొని వింటున్న కుక్క. 1895లో చనిపోయిన ఆ కుక్కను దాని యజమాని తమ్ముడు ఫ్రాన్సిస్ బరాడ్ చిత్రించగా, గ్రామఫోన్ కంపెనీ ఆ చిత్రాన్ని 1899లో కొన్నది. తెలుగు పద్యాల, నాటకాల రికార్డులకు తొడిగిన హెచ్ఎంవీ కాగితపు కవర్లను పాత సామాన్ల దుకాణాలలోనూ, హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారపు బజారులోనూ వెతకవచ్చు. చిరిగిన కవరునైనా నేను వదలను.

భద్రపరచే విషయంలో పీవీసీ తొడుగులు పూర్తిగా మానాలి. అవి కాలక్రమంలో జిగటగా మారి సిరాను పీల్చేస్తాయి. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ తొడుగులో ఉంచి, వివరాలను తొడుగులో పెట్టిన ఆమ్లరహిత చీటీ మీద మెత్తని పెన్సిలుతో రాస్తున్నాను. కోస్తా ఊళ్ల ఉక్కలో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. వానాకాలం ముగిసే లోపల ప్రతి కార్డునూ రెండు వైపులా స్కాన్ చేయడం, ఆ తరువాత బెల్జియం పుటలను బొమ్మల ప్రకారం కాక తపాలా ముద్రల తేదీల వరుసలో తిరిగి అమర్చడం ఇక మిగిలిన పని.