డాలస్‌లో వకీలు, తిరుపతిలో సీనియరు

బాలాజీ కాలనీలో మా వీధివాళ్లు నన్ను 'వీసా లాయరమ్మ' అంటారు. నేను సెలవు మీద ఊరికొచ్చానని తెలిస్తే చాలు, మా అమ్మ పొయ్యి మీద కాఫీ గిన్నె దిగదు. ఒకరు కొడుకు హెచ్1బీ లాటరీ గురించి వస్తారు, ఇంకొకరు అల్లుడి గ్రీన్‌కార్డు గురించి. వియ్యపురాలి విజిటర్ వీసా మళ్లీ రిజెక్టయిందని మరొకరు. "నువ్వొక మాట చెప్తే అయిపోతుంది కదా పాపా" అంటారు. వీసా ఇచ్చేది కాన్సులేట్ ఆఫీసరు పెద్దమ్మా, లాటరీ తీసేది కంప్యూటరు, ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు, అంతకు మించి లేవు అని చెప్తే, "అయినా నీకు తెలిసినోళ్లు ఉంటారులే" అని నవ్వి వెళ్లిపోతారు.

తెలిసినవాళ్లు ఉన్నమాట నిజమే. వాళ్లంతా నాలాంటి లాయర్లే. ఈ వృత్తిలో నేను నిలబడ్డానంటే సగం వాళ్ల చలవే. వీసాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వాళ్ల గురించి రాస్తాను.

ఎస్వీ యూనివర్సిటీలో లా చదివి, తిరుపతి కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరాను. పనంటే వాయిదాలు అడగడం, కేసు కట్టలు మోయడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం. కూర్చోబెట్టి పాఠం చెప్పినవాళ్లు లేరు. బార్ అసోసియేషన్ గదిలో పెద్దలు టీ తాగుతూ వాదించుకుంటుంటే విని నేర్చుకున్నదే ఎక్కువ. పొద్దున జడ్జి ముందు ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్లే మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని క్యారియర్లు విప్పేవాళ్లు. అప్పట్లో అదంతా కాలక్షేపం అనుకున్నాను.

పెళ్లయ్యాక అమెరికా వెళ్లి, ఎల్‌ఎల్‌ఎం చేసి, న్యూయార్క్ బార్ రాశాను. రెండు రోజుల పరీక్ష. ఒక రోజంతా రాయడం, ఇంకో రోజు 200 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. పాసైనా సరే, 50 గంటలు ఉచితంగా న్యాయసేవ చేసినట్టు కాగితం చూపిస్తేనే లైసెన్సు. ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ చట్టం కాబట్టి న్యూయార్క్ లైసెన్సుతో టెక్సాస్‌లో కూర్చుని ఆ కేసులు చేసుకోవచ్చు. వీలునామా రాసిపెట్టమనో, ట్రాఫిక్ టికెట్ కొట్టేయించమనో డాలస్ తెలుగువాళ్లు అడిగితే మాత్రం చేయకూడదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వాళ్లు నమ్మరు, నేనేదో బెట్టు చేస్తున్నాననుకుంటారు.

చేరిన ఆఫీసు రెండు గదులది. మా బాసు, నేను, ఫోన్లెత్తే ఒకావిడ. అక్కడ నాకు మొదట లోటుగా అనిపించింది జీతం కాదు, బార్ రూము. ఇమ్మిగ్రేషన్ లాయర్లలో చాలామంది ఒంటరిగానో, ముగ్గురు నలుగురున్న ఆఫీసుల్లోనో పనిచేస్తారు. కోర్టు మెట్ల మీద రోజూ కలుసుకునే వీలు ఉండదు, ఎందుకంటే మా కేసుల్లో ఎక్కువ భాగం కొరియర్ కవర్లో పోతాయి, కొరియర్ కవర్లో తిరిగొస్తాయి. రూల్సు మాత్రం కుదురుగా ఉండవు. నిన్న సరిపోయిన ఫారం ఇవాళ పాత ఎడిషన్ అయిపోతుంది, దాంతో వేస్తే కవరు అట్లాగే వెనక్కి వస్తుంది. అంతలో గడువు దాటిపోతే ఒక మనిషి స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే వీలు, పోయినట్టే.

ఈసారి ఊరికొచ్చినప్పుడు మా సీనియర్ సార్ అదే అడిగారు. "ఏమ్మా, అన్ని రూల్సు మారతా ఉంటే మీకు ఎవరు చెప్తారు?" న్యూయార్క్‌లో ప్రాక్టీసు చేసే లాయర్లు మొదటి రెండేళ్లలో 32 గంటలు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు 24 గంటలు తరగతులు వినాలి, అందులో కనీసం నాలుగు గంటలు వృత్తి నీతి మీదే అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఈ వయసులో నన్ను క్లాసులో కూర్చోమంటే నల్లకోటు మడిచి బీరువాలో పెట్టేస్తా" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ గంటల్లో సగం వృథా. ఏసీ హాల్లో స్లైడ్లు చదివి వినిపిస్తుంటే వెనక వరసలో అందరూ ఈమెయిళ్లు చూసుకుంటుంటారు. అసలు చదువు భోజనాల దగ్గరే. 1946లో పెట్టిన అమెరికన్ ఇమ్మిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్ ఒకటుంది, మేం ఐలా అంటాం. 15 వేలకు పైగా సభ్యులు, ప్రాంతానికో చాప్టరు, కొత్తవాళ్ల సందేహాలు తీర్చడానికి మెంటర్లు. సభ్యత్వం, కాన్ఫరెన్సు ఫీజులు చూస్తే గుండె గుభేలుమంటుంది. చిన్న ఆఫీసులవాళ్లకు అది నిజంగా భారమే. అయినా నా మొదటి జీతాల్లోంచి కట్టాను.

చాప్టర్ మధ్యాహ్నం మీటింగులో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నా చేతిలో ఆర్‌ఎఫ్‌ఈ ఉంది, అంటే ఇంకా ఆధారాలు పంపమని ఆఫీసరు రాసిన ఉత్తరం. ఆవిడ శాండ్‌విచ్ పక్కన పెట్టి నేను రాసిన జవాబు తిరగేసింది. ఆఫీసరు అడిగిన ప్రశ్నలు ఏ వరసలో ఉన్నాయో జవాబూ అదే వరసలో ఉండాలంది. ప్రతి వాక్యం చివర అది ఏ ఎగ్జిబిట్‌లో, ఏ పేజీలో ఉందో రాయమంది. అప్పటి పద్ధతిలో కాగితాలకు పైన రెండు రంధ్రాలు, ట్యాబులు కింద. పక్కకు వస్తే ఫైలింగ్‌లో విరిగిపోతాయట. "నీకు చట్టం తెలుసని వాళ్లకు చూపించనక్కర్లేదు. ఆఫీసరు వేలు పెట్టుకుని చదివేటట్టు ఉంటే చాలు" అంది. ఆవిడ ఆఫీసూ మా ఆఫీసూ ఒకే కంపెనీల వెంట తిరుగుతాయి. అయినా నా కాగితాల మీద తన పెన్నుతో గీతలు కొట్టి ఇచ్చింది. చిత్తూరు జిల్లా కోర్టుల్లో ట్యాగు దారంతో కుట్టిన కట్టలు మోసిన నాకు, ఫైలును చదివేవాడి చేతుల్లోంచి చూడాలని అప్పుడే తెలిసింది.

ఇట్లాంటి స్నేహాలు ఎందుకు అవసరమో 2025 సెప్టెంబరు 19న తెలిసొచ్చింది. ఆ శుక్రవారం అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీలకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన మీద సంతకం చేశారు. ఆదివారం తెల్లవారుజామున 12:01 నుంచి అమలు, మన లెక్కన ఆదివారం పొద్దున 9:31. ప్రకటనలో మాటలు దేశంలోకి ప్రవేశం గురించి ఉన్నాయి. అంటే వీసా చేతిలో ఉండి సెలవు మీద ఊరికొచ్చినవాళ్లకూ వర్తిస్తుందా? అది తేలలేదు. బ్రహ్మోత్సవాలకని ముందే తిరుపతి చేరుకున్న మా క్లయింటు ఒకతను తెల్లవారుజామున ఫోన్ చేశాడు. "అక్కా, ఇప్పుడే చెన్నైకి బయల్దేరనా? అమ్మకు ఏం చెప్పను?" వెనకాల వాళ్ల అమ్మ ఏడుపు వినిపిస్తోంది.

ఆ రాత్రి వేరువేరు ఆఫీసుల లాయర్లం ఒకే కాల్‌లో కూర్చున్నాం. ఒకరు ప్రకటన పైకి చదివారు, ఇంకొకరు పాత ప్రకటనల్లో ఇదే చట్టం సెక్షన్‌ను ఎట్లా వాడారో చెప్పారు. ఎవరికి వాళ్లం తోచిన సలహా ఇస్తే జనం గందరగోళంలో పడతారని ఒక మాట అనుకున్నాం: బయట ఉన్నవాళ్లు వీలైతే గడువులోపు వచ్చేయాలి, లోపల ఉన్నవాళ్లు ప్రయాణాలు పెట్టుకోవద్దు, లక్ష డాలర్లు కట్టాలని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. శనివారానికి ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కొత్తగా వేసే పిటిషన్లకే వర్తిస్తుందని, ఉన్న వీసాలకు కాదని. మా క్లయింటు అప్పటికి నాయుడుపేట దాటి చెన్నై దారిలో ఉన్నాడు. కారు వెనక్కి తిప్పి ఇంటికి పోయి నిద్రపోయాడు. నాకు మాత్రం వారం దాకా నిద్ర లేదు.

ఈ సాయం ఒకవైపే ఉండదు. మనవాళ్ల కాగితాల దగ్గరకొచ్చేసరికి నా సహోద్యోగులు నా దగ్గరకొస్తారు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు చోటు ఖాళీగా ఎందుకుంది? పేరు పెట్టకముందే ఆస్పత్రి నుంచి వివరాలు వెళ్లిపోతాయి కాబట్టి. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్', అని ఎందుకు పడింది? మన చిత్తూరు వైపు చాలామంది ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరు ఇనీషియల్‌గా పెట్టుకుంటారు కాబట్టి. చాప్టర్ మీటింగులో దీని మీద ఒక గంట మాట్లాడమంటే మాట్లాడాను. ఆ గంటలో మాత్రం ఎవరూ ఈమెయిళ్లు చూడలేదు.

అసలు చిక్కు సర్టిఫికెట్టే లేనివాళ్లతో. పాత రోజుల్లో ఊళ్లో జనన మరణాల లెక్క మునసబు రాసేవాడు. 1984లో ఆ వ్యవస్థ పోయింది, చాలా ఊళ్ల పుస్తకాలూ పోయాయి. ఇప్పుడు ఆలస్యంగా నమోదు చేయించాలంటే ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. అట్లా తెచ్చినదాన్ని అమెరికా ఆఫీసరు అనుమానంగా చూస్తాడు. రికార్డు లేదని మున్సిపాలిటీ కాగితం, స్కూలు సర్టిఫికెట్, ఆ పుట్టుక స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు అడుగుతాడు. మన దగ్గర స్టాంపు పేపర్ మీద రాసే అఫిడవిట్లో 'పైన చెప్పినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను' అని ఉంటుంది కానీ, నీకెట్లా తెలుసు అన్న ముక్క ఉండదు. అక్కడ కేసు ఆగిపోయేది ఆ ముక్క దగ్గరే.

అట్లాంటి కేసు ఒకటి మా సార్‌కు పంపాను. క్లయింటు మేనత్తను ఆయన ఆఫీసుకు పిలిపించారు. నేను వీడియోలో ఉన్నాను.

"ఏమక్కా, ఆ బిడ్డ పుట్టినప్పుడు నువ్వు యాడ ఉండావు?"

"ఈడనే సామీ, మా అమ్మోళ్ల ఇంట్లో. గంగజాతరకని వచ్చినా. చాటింపు యేసినాక ఊరు దాటకూడదని మా నాయన పంపలా. కాన్పు ఆ రేత్రే. బిడ్డను మొదట ఎత్తుకునింది నేనే."

సార్ ఆ మాటలే కుదించి, జాతర ఆచారమేమిటో రెండు లైన్లలో వివరించి అఫిడవిట్లో పెట్టారు. అత్త ఆ రోజు అక్కడ ఎందుకుందో, ఎందుకు కదల్లేదో, ఏం చూసిందో అంతా ఉంది. ఆఫీసరు మళ్లీ ఏమీ అడగలేదు. డాలస్‌లో మా పెద్దావిడకు ఆ కాగితం పేర్లు కొట్టేసి చూపిస్తే, కొత్తగా చేరిన తన జూనియర్లకు నమూనాగా ఇస్తానంది.

నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. తెలుగు లాయర్లం ఉగాదికి కలుస్తాం, వనభోజనాలకు కలుస్తాం, పనికి కలవం. పక్కవాడు క్లయింటును లాక్కుంటాడని భయం. ఇండియన్ స్టోర్ గోడ మీద మా ఫొటోలు వరసగా ఉంటాయి, మేం మాత్రం మాట్లాడుకోం. (ఇక్కడ లాయరు ప్రకటన ఇస్తే బార్ కౌన్సిల్ ఊరుకోదు, అక్కడ 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అది హక్కు.) దీనివల్ల నష్టపోయేది క్లయింటే. హెచ్1బీ పిటిషన్ వేసేది కంపెనీ, లాయరు ఫీజు కట్టాల్సిందీ కంపెనీయే. గ్రీన్‌కార్డులో పెర్మ్ దశ (ఆ ఉద్యోగానికి అమెరికాలో తగినవాళ్లు దొరకలేదని కంపెనీ రుజువు చేసే దశ) ఫీజు ఉద్యోగి చేత కట్టించకూడదని 2007 నుంచి రూలుంది. అయినా జీతంలోంచి ఏదో పేరుతో కోసిన కథలు నా ముందుకు వస్తూనే ఉన్నాయి. ఇంకా ఇబ్బందైనది, 'మా లాయర్ గారే కదా' అని కుర్రాళ్లు మనసు విప్పేయడం. "కార్డు రాగానే మానేస్తాను, కంపెనీకి చెప్పకండి" అంటారు. ఒకే లాయరు ఇద్దరి తరఫునా ఉంటే, ముందే రాసుకోకపోతే, ఒకరి రహస్యం ఇంకొకరి దగ్గర దాచలేడు. ఇది ఆ నోరు తెరవకముందే చెప్పాలి. ఎట్లా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఎవరికి వాళ్లం తంటాలు పడే బదులు కూర్చుని మాట్లాడుకుంటే పోయేదేముంది?

డిటెన్షన్ కేసులు, అంటే నిర్బంధంలో పెట్టిన వలసదారుల కేసులు, చేసే నా స్నేహితురాలి సంగతి మరీ దారుణం. ఇమ్మిగ్రేషన్ కోర్టులో లాయరును పెట్టుకునే హక్కుంది కానీ ప్రభుత్వం పెట్టదు. డబ్బుల్లేనివాళ్ల ఫోన్లన్నీ ఆమెకే వస్తాయి. కొన్ని రాత్రులు ఆమె నాకు ఫోన్ చేసి కేసు గురించి ఏమీ చెప్పదు, మీ ఊళ్లో వానలెట్లా ఉన్నాయని అడుగుతుంది.

అందుకే కొంతమంది తెలుగు లాయర్లం నెలకో సాయంత్రం వీడియోలో కూర్చుంటున్నాం. షరతులు రెండే: క్లయింటు పేరు, కంపెనీ పేరు పైకి రాకూడదు, ఎవరి క్లయింటు గురించి విన్నామో వాళ్లకు ఫోన్ చేయకూడదు. మొదట్లో అందరూ వినడానికే వచ్చారు, ఎవరూ నోరు విప్పలేదు. రెండో షరతు నిజంగానే నడుస్తోందని నమ్మకం కుదిరాక ఒక్కొక్కరూ ఇరుక్కున్న కేసులు బయటికి తీస్తున్నారు. లా చదువుతున్న తిరుపతి పిల్లలు కొందరు మేమూ వింటామన్నారు. రానిస్తున్నాం.

వచ్చే నెల మా సార్ మాట్లాడతారు. కొండ మీద పెళ్లి చేసుకుని, శుభలేఖ, ఆల్బమ్ తప్ప ఇంకే కాగితమూ లేని జంటల పెళ్లి ఇన్నేళ్లకు రిజిస్టరు చేయించడం ఎట్లాగన్నది అంశం. అక్కడ రాత్రి, ఆయనకు పొద్దున. ఒప్పుకుంటూనే చెప్పారు: "ప్రశ్నలన్నీ ముందే పంపించండి. పదిన్నరకు నాకు కోర్టుంది, మీ టైముకు నేను ఆగేది లేదు." పంపాను. ఆదివారం నాడే సగం ప్రశ్నలు కొట్టేసి, ఇవి మీరే చదువుకుంటే తెలుస్తాయని రాసి వెనక్కి పంపారు.